కారు లైసెన్స్ ఉంది కదా, బండికి మళ్ళీ ఇంకోటి ఎందుకు?

మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఈ మాట చాలాసార్లు విన్నాను. "నాకు ఫోర్ వీలర్ లైసెన్స్ ఉందండీ, యాక్టివా తీసుకుంటున్నా, దానికి మళ్ళీ వేరే ఏముంటది" అని. మూడో ఫ్లోర్ అంకుల్ అయితే పెద్ద బండి లైసెన్స్ ఉంటే చిన్న బండి దాన్లోనే కలిసి ఉంటదమ్మా, నువ్వు నడుపుకో అని ధైర్యం కూడా చెప్తారు. కలిసి ఉండదు. 1988 మోటారు వాహనాల చట్టంలో లైసెన్స్ ఒకటే గానీ అందులో క్లాసులు వేరు, గేర్ లేని మోటార్ సైకిల్ ఒకటి, గేర్ ఉన్నది ఒకటి, లైట్ మోటార్ వెహికల్ అంటే మన కారు ఇంకోటి, ఏ క్లాస్ మీద మీకు టెస్ట్ పెట్టి రాసిచ్చారో అదే నడపాలి. మీ కార్డు తీసి చూస్కోండి, ఎల్ఎంవీ అని ఒక్కటే ఉంటే మీరు కారుకి మాత్రమే డ్రైవర్, స్కూటీ ఎక్కితే చట్టం దృష్టిలో లైసెన్స్ లేనోళ్ళ కిందే లెక్క. ఎంసీడబ్ల్యూజీ, అంటే మోటార్ సైకిల్ విత్ గేర్, అని కూడా ఉంటే గేర్ బండి, గేర్ లేని బండి రెండూ నడపొచ్చు.

అసలు ముందు కారు నేర్చుకుని తర్వాత బండి వైపు చూసేవాళ్ళు ఎవరుంటారు అనుకుంటారు గానీ చాలామందే ఉన్నాం. మగపిల్లలు టెన్త్ అయ్యేసరికి నాన్న బండి తాళం ఎక్కడుంటదో కనిపెట్టేసి సందుల్లో తిప్పేస్తారు. ఆడపిల్లకి మాత్రం ఇంట్లో బండి ఇవ్వరు, పడతావు, కాలు విరిగితే పెళ్ళెలా అవుద్ది అంటారు, అదే పిల్లకి ఉద్యోగం వచ్చి ఈఎంఐ కట్టగలిగితే డ్రైవింగ్ స్కూల్లో చేరి కారు నేర్చుకో అంటారు. నేనూ అదే బ్యాచ్. కూకట్‌పల్లిలో కొత్తిమీర కట్ట కోసం కారు తీసి, పార్కింగ్ దొరక్క రెండు రౌండ్లు కొట్టి, చివరికి కొత్తిమీర లేకుండానే పప్పు తినే జీవితం మనది, అందుకని బండి అనిపించింది. ఇంకో బ్యాచ్ అమెరికాలో కారు నేర్చుకుని వెనక్కి వచ్చేసినోళ్ళు.

సరే, పని ఎలా జరుగుద్దో చెప్తాను. దీన్ని అడిషన్ ఆఫ్ క్లాస్ అంటారు, అంటే కొత్త లైసెన్స్ కాదు, ఉన్నదాంట్లోనే ఇంకో క్లాస్ కలపడం. అయినా కారుకి చేసినట్టే మళ్ళీ ఎల్ఎల్ఆర్, అంటే లెర్నర్ లైసెన్స్, దగ్గర్నుంచి మొదలెట్టాలి, ఇదే చాలామందికి మింగుడు పడదు. కొంచెం ఊరట ఏంటంటే ఆల్రెడీ చెల్లే లైసెన్స్ ఉన్నోళ్ళకి సైన్ బోర్డుల కంప్యూటర్ టెస్ట్ మళ్ళీ అక్కర్లేదని సెంట్రల్ రూల్స్‌లోనే ఉంది. నలభై దాటినోళ్ళని డాక్టర్ సంతకంతో ఫారం 1ఎ అడుగుతారు, అది ముందే రెడీగా పెట్టుకోండి. ఎల్ఎల్ఆర్ వచ్చాక కనీసం 30 రోజులు ఆగాలి, అది 6 నెలలే చెల్లుద్ది కాబట్టి ఆ లోపు టెస్ట్‌కి స్లాట్ బుక్ చేస్కోవాలి. ఫీజులు సెంట్రల్ రూల్స్ ప్రకారం అయితే ఎల్ఎల్ఆర్‌కి క్లాసుకి 150, టెస్ట్‌కి 300, క్లాస్ కలపడానికి 500, దాని మీద కార్డుకీ స్టేట్ వాళ్ళ సర్వీస్ చార్జీలకీ ఇంకొంచెం పడుద్ది. ఏజెంట్ దగ్గరకి వెళ్తే ఇదే పని ఎంతకి చేస్తాడో మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు, పైగా టెస్ట్ ఎటూ మీరే చెయ్యాలి.

ఎల్ఎల్ఆర్ చేతికి రాగానే రోడ్డెక్కేయొచ్చు అనుకోవద్దు. ముందూ వెనకా తెల్ల బోర్డు మీద ఎర్ర ఎల్ ఉండాలి, బోర్డు 18 సెంటీమీటర్లకి 18 ఉండాలని సైజు కూడా రాశారు. నేర్పే మనిషి, లైసెన్స్ ఉన్నోళ్ళు, మీతో ఉండాలి. వెనక సీట్లో ఆ నేర్పే మనిషి తప్ప ఇంకెవర్నీ ఎక్కించుకోకూడదు. పిల్లని ట్యూషన్‌లో దింపడం, అత్తగార్ని గుడికి తీస్కెళ్ళడం ఇవన్నీ లైసెన్స్ వచ్చాకే. మన దగ్గర ఎల్ బోర్డు పెట్టుకుని తిరిగే బండి ఎన్నిసార్లు చూశారు చెప్పండి? కారుకి స్కూల్ వాళ్ళు పెడతారు కాబట్టి కనపడుద్ది, బండికి ఎవరూ పెట్టరు, ఎందుకంటే బండి నేర్పే స్కూలే సరిగ్గా లేదు, అందరికీ నేర్పేది అన్నయ్యో బాబాయో మొగుడో. మొగుడి దగ్గర నేర్చుకోవద్దని మాత్రం గట్టిగా చెప్తాను, సంసారాలు బాగుండాలి.

ఇక టెస్ట్. కారుకి హెచ్ ట్రాక్ ఎలాగో బండికి ఎనిమిది అంకె ఆకారంలో ట్రాక్ అలాగ. కాలు కింద పెట్టకూడదు, గీత తొక్కకూడదు, ఇంజిన్ ఆగిపోకూడదు. మా ఇంట్లో పెద్దోళ్ళు ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే ఆ ఎంవీఐ, అంటే మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ గారు ఒక పక్కన నిలబడి చూస్తుంటారు, పెద్దగా మాట్లాడరు, అదే భయం. నాగోల్ ట్రాక్‌కి వెళ్ళినోళ్ళకి తెలుసు, పొద్దున్నే పోతే అక్కడ బండ్ల లైను ఎలా ఉంటదో.

ఎనిమిది గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే కారు డ్రైవర్లు ఫెయిలయ్యేది ఇక్కడే, అదీ స్పీడ్ ఎక్కువై కాదు, భయంతో మరీ తక్కువై. కారు ఎంత స్లో అయినా నాలుగు చక్రాల మీద నిలబడే ఉంటది, బండి స్లో అయ్యే కొద్దీ పక్కకి వాలిపోద్ది. దానికి మందు ఏంటంటే ఫస్ట్ గేర్‌లో యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి అలాగే పట్టుకుని, క్లచ్ సగం వదిలి సగం పట్టి, స్పీడ్ ఎక్కువైతే కుడి కాలితో వెనక బ్రేక్ మెల్లగా ఆనించడం. ఇంజిన్ లాగుతూ ఉంటది, బ్రేక్ పట్టి ఉంచుద్ది, ఆ రెండిటి మధ్య బండి నిటారుగా ఉంటది. ముందు బ్రేక్ జోలికి పోకూడదు, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేక్ నొక్కితే బండి అక్కడికక్కడే లోపలికి పడిపోద్ది. చూపు చక్రం ముందు గీత మీద పెట్టకూడదు, మలుపు అయ్యాక ఎటు వెళ్ళాలో అటు పెట్టాలి, తల తిప్పి మరీ చూడాలి. నాకు బాబాయ్ ఇదంతా రెండు ఇటుకలు పెట్టి నేర్పించాడు. ఆదివారం పొద్దున్నే స్కూల్ గ్రౌండ్‌లో ఆ ఇటుకల చుట్టూ తిరుగుతుంటే క్రికెట్ ఆడే పిల్లలు బాల్ వదిలేసి నన్నే చూసేవాళ్ళు. రోజుకొక్క అడుగు ఇటుకలు దగ్గరికి జరిపేవాడు, నాకు చెప్పకుండా. ఆయన బజాజ్ చేతక్ కాలం మనిషి, చేతి గేర్లు వేసినోడు, నా కాలి గేర్లు చూసి ఇదేం సుఖం అమ్మా మీకు అనేవాడు.

కేరళలో అయితే ఇంకో తమాషా. అక్కడ టెస్ట్ కోసం స్కూళ్ళ వాళ్ళు పాత బజాజ్ ఎం80 బళ్ళు ఇన్నాళ్ళూ కాపాడుకుంటూ వచ్చారు, చేతి గేరు, తేలిక బండి, ఎనిమిది ఈజీగా తిరిగిపోద్ది, లైసెన్స్‌లో మాత్రం గేర్ బండి అని వచ్చేస్తది. 2024లో అక్కడి ప్రభుత్వం టెస్ట్‌కి కాలి గేర్ ఉన్న బండే తేవాలని రూల్ మార్చేసింది. నిజంగా రోడ్డు మీద నడిపే బండి మీదే టెస్ట్ ఇవ్వమనడం న్యాయమే కదా.

కానీ నా అసలు గొడవ ఎనిమిదితో కాదు, ఎనిమిది తర్వాత ఏమీ లేకపోవడంతో. నడక స్పీడ్‌లో ఎనిమిది తిప్పినోడికి బ్యాలెన్స్ ఉందని తెలుస్తది, అంతే. యాభైలో వెళ్తుంటే ముందు ఆటో టక్కున ఆగితే ఆ మనిషి ఏం చేస్తాడో ఆ ట్రాక్ మీద ఎవరూ చూడరు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 44.5 శాతం టూ వీలర్ల మీద ఉన్నోళ్ళే, ఇది కేంద్ర రవాణా శాఖ రిపోర్టులో లెక్క. అంత ప్రమాదం ఉన్న బండికి అన్నిటికంటే చిన్న టెస్ట్.

కారు నుంచి వచ్చినోళ్ళకి ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, అది చేతుల్లో కాదు, కుడి కాల్లో. ఏళ్ళ తరబడి కారు నడిపితే ఎదురుగా ఏదైనా వచ్చినప్పుడు ఆలోచన కంటే ముందు కుడి కాలు కిందకి తన్నుద్ది. కార్లో అది ప్రాణం కాపాడుద్ది. స్కూటీ మీద అదే కాలు ఫ్లోర్ బోర్డుని తొక్కుద్ది, అక్కడ బ్రేకే లేదు, బ్రేకులు రెండూ చేతుల్లో ఉన్నాయి, ఆ అర సెకను అలా పోద్ది. గేర్ బండి మీద అయితే కాలి కింద వెనక బ్రేక్ ఉంటది కాబట్టి అది పడుద్ది, గట్టిగా తన్నేసరికి వెనక చక్రం లాక్ అయ్యి జారుద్ది. ఎడం కాలు సంగతి ఇంకో రకం, కార్లో క్లచ్ తొక్కిన కాలు ఇక్కడ గేర్లు వెయ్యాలి, క్లచ్ ఎడం చేతిలోకి పోయింది, స్కూటీలో అదే ఎడం చేతి లివర్ వెనక బ్రేకు. ఇవన్నీ పేపర్ మీద తెలిస్తే సరిపోదు, ఒంటికి తెలియాలి.

ఇంకోటి, ముందు బ్రేక్ పడితే బోల్తా కొడతావు అని మనోళ్ళు చిన్నప్పట్నుంచి భయపెట్టేశారు. నిజానికి బండి ఆగేది ఎక్కువ ముందు బ్రేక్ వల్లే, బ్రేక్ వెయ్యగానే బరువంతా ముందుకి వస్తది, ముందు టైరు రోడ్డుని గట్టిగా పట్టుకుంటది, వెనకది తేలికైపోద్ది. అందుకే ముందు బ్రేక్‌ని టప్పున లాక్కుండా నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలెట్టి గట్టిగా పట్టాలి, బండి నిటారుగా ఉన్నప్పుడు, రెండు బ్రేకులూ కలిపి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బళ్ళలో 125 సీసీ దాటినవాటికి ఏబీఎస్, దాని లోపు వాటికి సీబీఎస్ తప్పనిసరి చేశారు. ఏబీఎస్ అంటే బ్రేక్ గట్టిగా పట్టినా చక్రం లాక్ కాకుండా చూసేది, సీబీఎస్ అంటే వెనక బ్రేక్ పట్టినా ముందు దానికీ కొంచెం వెళ్ళేలా పెట్టిన ఏర్పాటు. మంచిదే, కానీ ఆ మెషీన్‌ని నమ్ముకుని ప్రాక్టీస్ మానేయొద్దు.

బయట దేశాల్లో దీన్ని ఎలా చూస్తారో కొంచెం చెప్పాలి. మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు, ఇక్కడ బీటెక్ అంతా బండి మీదే తిరిగాడు. అక్కడ కారు లైసెన్స్ క్లాస్ సీ, బండికి క్లాస్ ఎం, టెక్సాస్‌లో క్లాస్ ఎం కావాలంటే ముందు రైడర్ కోర్సు చేసిన సర్టిఫికెట్ తేవాలి, కారు లైసెన్స్ ఉన్న పెద్దోళ్ళకి ఆ సర్టిఫికెట్ ఉంటే రోడ్డు టెస్ట్ మినహాయిస్తారు. వాడు మొదట్లో నాకు నేర్పేదేంట్రా వీళ్ళు అనుకుంటూ వెళ్ళాడు, సడన్ స్టాప్, పక్కకి తప్పుకోవడం, నేల మీద గీసిన చిన్న గడిలో యూ టర్న్ ఇవన్నీ చేయించాక ఫోన్ చేసి "అక్కా, ఇన్నేళ్ళు నేను దేవుడి దయ మీద నడిపాను" అన్నాడు. విచిత్రం ఏంటంటే అదే టెక్సాస్‌లో 21 దాటి ఆ కోర్సు చేస్తే హెల్మెట్ పెట్టుకోవడం మీ ఇష్టం, ఇదేం లాజిక్కో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

జర్మనీలో 2019 చివర్లో బి196 అని తెచ్చారు. పాతికేళ్ళు నిండి, కారు లైసెన్స్ వచ్చి ఐదేళ్ళు అయినోళ్ళు తొంభై నిమిషాల క్లాసులు కనీసం తొమ్మిది చేస్తే 125 సీసీ బండి నడపొచ్చు, పరీక్ష లేదు, కానీ ఆ దేశంలో మాత్రమే చెల్లుద్ది. ఫ్రాన్స్‌లో కారు లైసెన్స్ రెండేళ్ళు దాటాక 7 గంటల ట్రైనింగ్. ఇంగ్లండ్‌లో కారు లైసెన్స్ ఉన్నోళ్ళు కూడా సీబీటీ అని ఒక రోజు ట్రైనింగ్ చేసి, ఎల్ బోర్డు పెట్టుకుని 125 సీసీ దాకా నడుపుకోవాలి, రెండేళ్ళకి అది అయిపోద్ది. వీళ్ళందరి ఆలోచన ఒకటే, కారు నడిపిన మనిషికి రోడ్డు తెలుసు, బండి తెలీదు, కాబట్టి పరీక్ష తగ్గించినా ట్రైనింగ్ మాత్రం వదల్లేదు. మన దగ్గర సరిగ్గా తిరగేసి ఉంది, బండి నడిపే టెస్ట్ మళ్ళీ మొత్తం పెడతారు, ట్రైనింగ్ అడిగేవాడు లేడు. 2019లో చట్టం సవరించినప్పుడు టెస్ట్ మూడుసార్లు ఫెయిలైతే అరవై రోజులు ఆగి, రెమెడియల్ ట్రైనింగ్ చేసి రావాలని రాశారు. అంటే ట్రైనింగ్ అనే మాట మూడుసార్లు పోయినోడికే గుర్తొచ్చింది.

అలా అని కారు అనుభవం వేస్ట్ అనను. లారీ పక్కన నిలబడితే డ్రైవర్‌కి మనం కనపడం అని కారు నడిపినోళ్ళకి తెలుసు, ముందు అద్దం పక్కనుండే స్తంభం, అదే ‘ఎ’ పిల్లర్, దాని వెనక ఒక బండి మొత్తం ఎలా మాయమైపోద్దో అద్దంలోంచి చూసినోళ్ళం. నేనైతే బండి మీద ఉన్నప్పుడు ఆ కార్లో నేనే ఉంటే ఇప్పుడు ఎటు చూస్తుంటాను అనుకుంటాను, సగం గండాలు అక్కడే తప్పిపోతున్నాయి. కొత్తగా నేర్చుకోవాల్సింది చక్రం కింద రోడ్డు సంగతి, కార్లో పట్టించుకోనివి, మలుపులో ఇసుక, తడిసిన తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్.

ఎక్కడ నేర్చుకోవాలి అంటే, హైదరాబాద్‌లో ఆడవాళ్ళకైతే జై భారతి గారు మొదలుపెట్టిన మోవో అనే సంస్థ బండి నేర్పిస్తోంది, కనుక్కోండి. మిగతా ఊళ్ళలో ఓపిక ఉన్న బాబాయ్, ఖాళీ గ్రౌండ్, రెండు ఇటుకలు. ఎనిమిది వచ్చేశాక ఆపేయకండి, అదే గ్రౌండ్‌లో ముప్పైలో వచ్చి ఒక గీత దగ్గర ఆపడం మళ్ళీ మళ్ళీ చెయ్యండి, కుడి కాలు తన్నడం మానేసేదాకా.

లైసెన్స్ క్లాస్ లేకుండా నడిపితే ఏమవుద్ది అనేవాళ్ళకి. సెక్షన్ 181 కింద 5,000 జరిమానా ఉంది, బండి ఇచ్చిన ఓనర్ మీద సెక్షన్ 180 వేరే, అక్కడికక్కడ కట్టించుకునే చలానా మాత్రం స్టేట్‌ని బట్టి మారుద్ది. అది చిన్న విషయం. పెద్ద విషయం ఇన్సూరెన్స్. ఓనర్ డ్రైవర్‌కి 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటది కదా, ఆ బండికి చెల్లే లైసెన్స్ ఉండాలనేది దాంట్లో షరతు. అవతలి మనిషికి దెబ్బ తగిలితే కంపెనీ వాళ్ళకి కట్టేసి తర్వాత మన దగ్గర వసూలు చేసుకునేలా కోర్టులు ఆర్డర్లు ఇచ్చిన కేసులు బోలెడు. థాయిలాండ్ ట్రిప్పులకి వెళ్ళేవాళ్ళకి కూడా ఇదే, ఇంటర్నేషనల్ పర్మిట్‌లో మీ ఇండియా లైసెన్స్‌లో ఉన్న క్లాసులే వస్తాయి, కారు ఒక్కటే ఉంటే అక్కడ బీచ్ దగ్గర అద్దె స్కూటర్ ఇచ్చేవాడు ఇస్తాడు గానీ పడితే ట్రావెల్ ఇన్సూరెన్స్ వాడు మొహం చూడడు.

ఎలక్ట్రిక్ బండికి లైసెన్స్ అక్కర్లేదంట కదా అని కూడా అడుగుతారు. 250 వాట్ల లోపు మోటారు, గంటకి 25 కిలోమీటర్లు దాటని వాటికి మాత్రమే ఆ మినహాయింపు. ఓలా, ఏథర్ లాంటి మామూలు స్పీడ్ బళ్ళన్నిటికీ రిజిస్ట్రేషన్, లైసెన్స్, హెల్మెట్ మొత్తం ఉంటాయి. షోరూమ్ వాడు లైసెన్స్ వద్దు అన్నాడంటే మీరు అడిగిన మోడల్ ఏదో ఇంకోసారి అడగండి.

చివరిగా గేర్ పెట్టాలా, గేర్ లేనిది పెట్టాలా. స్కూటీ ఒక్కటే నడుపుతాను అనుకున్నా ఎంసీడబ్ల్యూజీకే అప్లై చెయ్యమంటాను, ఎల్ఎల్ఆర్, స్లాట్, ముప్పై రోజులు అన్నీ ఎటూ ఒకటే, రేపు గేర్ బండి అవసరం పడితే ఈ తతంగం మళ్ళీ మొదలెట్టక్కర్లేదు. కాకపోతే టెస్ట్‌కి గేర్ బండే తీస్కెళ్ళాలి, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు, హెల్మెట్ అన్నీ దానితో ఉండాలి. వేరే వాళ్ళ బండి అయితే ముందు రోజే తీస్కుని ఓ గంట దాని మీద ఎనిమిది తిప్పండి. ఒక్కో బండికి క్లచ్ ఒక్కోచోట పట్టుద్ది, గేర్లు కూడా కొన్నిట్లో ఒకటి కిందకి మిగతావి పైకి, కొన్నిట్లో అన్నీ కిందకే, ఆ సంగతి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారి ముందు కనిపెట్టే పని పెట్టుకోకండి.